జీతం తేదీకి ముందే అడిగితే: సంఘ కోశాధికారుల ప్రశ్నలు

అమెరికాలోని క్రైస్తవ సంఘాల్లో (చర్చిల్లో) లెక్కలు చూసే కోశాధికారులకూ పెద్దలకూ తరచూ ఎదురయ్యే ప్రశ్నలివి. ఫెడరల్ నిబంధనలు అందరికీ ఒకటే. జీతంలో కోతల విషయానికొస్తే రాష్ట్రానికో చట్టం ఉంది కాబట్టి, రాష్ట్రం పేరు చెప్పిన చోట ఆ మాట ఆ రాష్ట్రానికే అని గమనించండి.

ప్రశ్న: మా సంఘంలో జీతాలు నెలకు రెండు విడతలు, 15న ఒకటి, నెలాఖరున ఒకటి. ఆఫీసు మేనేజర్‌కు విడతకు 1,800 డాలర్లు. 8వ తేదీ సాయంత్రం ఆయన వచ్చి, "బ్రదర్, కారు రిపేరుకు 600 కావాలి, 15న జీతంలో పట్టుకోండి" అన్నారు. అప్పటికప్పుడు చెక్కు రాసి ఇవ్వవచ్చా?

జవాబు: ఇవ్వవచ్చు. కాకపోతే ఆ చెక్కు దేని కింద ఇస్తున్నారో ముందు తేల్చుకోవాలి. "అడ్వాన్సు" అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు లావాదేవీలు దాక్కుని ఉంటాయి.

ఒకటి, ఇప్పటికే చేసిన పనికి రావలసిన జీతాన్ని తేదీకి ముందే ఇచ్చేయడం. ఇది అచ్చంగా జీతమే. ఇచ్చిన రోజునే ఇన్‌కమ్ టాక్స్, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పట్టుకోవాలి. 403బి లాంటి రిటైర్మెంట్ పొదుపు ఉంటే దానికీ పట్టుకోవాలి. విడిగా పే స్టబ్ (జీతం చీటీ) ఇవ్వాలి. పట్టుకున్న టాక్సును ఐఆర్‌ఎస్‌కు (ఫెడరల్ పన్ను శాఖకు) కట్టే గడువు కూడా ఆ రోజు నుంచే లెక్క.

రెండోది, ఇంకా చేయని పనికి జీతం ముందే ఇవ్వడం. తిరిగి కట్టాలన్న షరతు లేకపోతే ఐఆర్‌ఎస్ దృష్టిలో ఇదీ ఇచ్చిన రోజునే జీతం. పని చేయకుండా మనిషి వెళ్ళిపోతే డబ్బు పోయినట్టే, పైగా దాని మీద టాక్సు కట్టేసి ఉంటారు.

మూడోది చేబదులు. తిరిగి చెల్లిస్తానని సంతకం పెట్టిన కాగితం ఉంటుంది. అది ఉన్నంతవరకు ఈ 600 జీతం కాదు, ఆయన సంఘానికున్న బాకీ. 15న మాత్రం మొత్తం 1,800 మీద ఎప్పటిలాగే టాక్సు పట్టుకుని, చేతికి వచ్చేదాంట్లోంచి 600 తగ్గిస్తారు.

మీరు చెప్పిన సందర్భానికి మూడో దారే మేలు. టాక్సు లెక్క ఒక్కసారే నడుస్తుంది, గడువు తేదీలు కదలవు, సాఫ్ట్‌వేర్‌ను బలవంతాన వంచాల్సిన పని ఉండదు. మొదటి దారిలో ఒక్క విడతకు రెండు పేరోల్‌లు నడపాలి. రెండో పేరోల్ మర్చిపోయినా, రెండుసార్లూ పూర్తి జీతం వేసినా దిద్దుకోవడానికే వారం పడుతుంది.

ఎంతవరకు ఇవ్వాలన్నదానికి ఒక లెక్క. 1వ తేదీ బుధవారం అయితే 1 నుంచి 15 దాకా 11 పనిరోజులు, 8వ తేదీ సాయంత్రానికి 6 పూర్తయ్యాయి. 1,800ను 11తో భాగించి 6తో గుణిస్తే సుమారు 982 డాలర్లు. అంతవరకు ఆయన సంపాదించుకున్నట్టు. గత పే స్టబ్ తీసి చూడండి: 1,800కు చేతికి 1,440 వచ్చిందనుకుంటే అది 80 శాతం. 982లో 80 శాతం సుమారు 785. ఆయన అడిగింది 600 కాబట్టి ఇవాళ ఆయన మానేసినా సంఘం నష్టపోదు. (చర్చి సిబ్బందికి ఆదివారం పనీ వారంలో మరో రోజు సెలవూ ఉంటాయి కనుక పనిరోజుల లెక్కలో వాదన రావచ్చు. సోమవారం నుంచి శుక్రవారం వరకని పాలసీలో ఒకసారి రాసేసుకుంటే సరి, ఈ లెక్క పరిమితి కోసమే తప్ప జీతం కోసం కాదు.)

పుస్తకాల్లో ఇలా రాయండి. "ఉద్యోగుల అడ్వాన్సులు" అని కరెంట్ అసెట్ కింద ఒక ఖాతా తెరవండి. చెక్కు ఇచ్చిన రోజు ఆ ఖాతాకు 600 డెబిట్, బ్యాంకుకు 600 క్రెడిట్. జీతాల ఖర్చు జోలికి వెళ్ళొద్దు. 15న పేరోల్‌లో గ్రాస్ (కోతలకు ముందు మొత్తం) 1,800, టాక్సులు పోగా 1,440, అందులో "అడ్వాన్సు వసూలు" 600, చేతికి 840. ఆ 600 అడ్వాన్సు ఖాతాకు క్రెడిట్ అయ్యి బాకీ సున్నా అవుతుంది. క్విక్‌బుక్స్ లాంటి లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఈ కోతను కొత్తగా పెట్టేటప్పుడు టాక్సు తర్వాతి కోతగా ఎంచుకోవాలి. పొరపాటున హెల్త్ ఇన్సూరెన్సు ప్రీమియంలాగా టాక్సుకు ముందు కోతగా పెడితే డబ్ల్యూ-2లో (ఏడాది జీతం, టాక్సు చూపిస్తూ ఉద్యోగికి ఇచ్చే ఫారంలో) ఆయన జీతం 600 తక్కువ పడుతుంది.

చాలామంది చేసే తప్పు ఇంకొకటి. 600కు చేతి చెక్కు రాసి, 15న "మిగిలింది 1,200 కదా" అని గ్రాస్‌నే 1,200గా వేసి పేరోల్ నడిపేస్తారు. బ్యాంకు లెక్క కుదురుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ ఆ 600 మీద సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద ఉద్యోగి వాటా 7.65 శాతం, సంఘం వాటా 7.65 శాతం, కలిపి 91.80 డాలర్లు ఐఆర్‌ఎస్‌కు చేరలేదు. ఇన్‌కమ్ టాక్స్ సరేసరి. 840 చేతికి రావలసిన మనిషికి 960 వచ్చిందేమిటని ఆయనా అడగరు.

ప్రశ్న: మీరు తప్పన్న పనే మేం నాలుగు నెలల క్రితం చేశాం. ఇప్పుడెలా సరిదిద్దుకోవాలి? ఇంకో ఉద్యోగికి ముందే పూర్తి జీతం చెక్కు ఇచ్చాక, జీతం రోజున డైరెక్ట్ డిపాజిట్ కూడా వెళ్ళిపోయింది.

జవాబు: మొదటిదానికి, ఆ 600ను జీతంగా చూపిస్తూ దిద్దుబాటు పేరోల్ ఒకటి నడపండి. డబ్బు ముందే ఇచ్చేశారు కనుక కొత్తగా చెల్లింపు ఉండదు. పట్టుకోవాల్సిన టాక్సు ముందు సంఘమే కట్టి, ఉద్యోగి వాటాను చెప్పి, సంతకం తీసుకుని, తర్వాతి జీతంలో తగ్గించుకోవచ్చు. నాలుగు నెలలంటే ఆ త్రైమాసికపు ఫారం 941 (జీతాల టాక్సు రిటర్ను) పంపేసి ఉంటారు, కాబట్టి దాన్ని 941-ఎక్స్ అనే సవరణ ఫారంతో సవరించాలి. డబ్ల్యూ-2 ఇంకా ఇవ్వకపోతే అక్కడికి సరిపోతుంది, ఇచ్చేసి ఉంటే దాని సవరణ ఫారం డబ్ల్యూ-2సి కూడా కావాలి.

రెండోదానికి, బ్యాంకుకు ఫోన్ చేసి డిపాజిట్ వెనక్కి లాగమనడమే అందరికీ ముందు తోచే ఆలోచన. పొరపాటున రెండుసార్లు వెళ్ళిన మొత్తాన్ని వెనక్కి రప్పించే వీలు ఉంది కానీ అందుకు 5 బ్యాంకు పనిరోజులే గడువు, ఆపైన ఆ ఖాతాలో డబ్బు ఉండాలి. మీ ఉత్తరం చేరేసరికి రెండూ దాటే ఉంటాయి. ఉద్యోగితో మాట్లాడి తిరిగి కట్టించుకోవడమే దారి. అదే క్యాలెండర్ సంవత్సరంలో కట్టేస్తే చేతికి వెళ్ళిన నెట్ మొత్తం తీసుకుని, రెండో పేరోల్‌ను రద్దు చేస్తే చాలు. డిసెంబరు 31 దాటితే లెక్క మారుతుంది. పట్టుకున్న ఇన్‌కమ్ టాక్స్‌ను సంఘం వెనక్కి తీసుకోలేదు కాబట్టి ఆ భాగంతో కలిపి ఉద్యోగి కట్టాలి, దాన్ని తన రిటర్నులో ఆయనే చూసుకోవాలి. సంఘం సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ వరకే సవరించగలదు. అందుకని నవంబరు, డిసెంబరుల్లో ఇలాంటి పొరపాటు బయటపడితే పండుగ అయ్యాక చూద్దాం అనుకోకండి.

ఇంకోసారి జరక్కుండా ఒక పద్ధతి: జీతమే ముందుగా ఇస్తే, చెక్కు మీద సంతకం పెట్టకముందే సాఫ్ట్‌వేర్‌లో ఆ విడత డైరెక్ట్ డిపాజిట్‌ను ఆపండి. సంతకం పెట్టే రెండో మనిషి ఆపిన తెర చూశాకే పెట్టాలి. డైరెక్ట్ డిపాజిట్ ఫైలు సాధారణంగా జీతం రోజుకు రెండు పనిరోజుల ముందే వెళ్ళిపోతుంది. అందుకే 13న, 14న వచ్చిన అభ్యర్థనకు "15 దాకా ఆగండి" అనడమే సరైన జవాబు.

ప్రశ్న: అడిగింది మా పాస్టర్‌గారే. ఆయన జీతంలో టాక్సు ఏమీ పట్టుకోం కదా, 2,000 చెక్కు ఇచ్చేస్తే గొడవ లేదు అంటున్నారు మిగతా పెద్దలు. ఆయన బోర్డులో కూడా ఉన్నారు.

జవాబు: టాక్సు పట్టుకోకపోవడం వల్ల పని తేలికవుతుందన్నది నిజం. మిగతా అంతా బరువవుతుంది.

అభిషిక్త సేవకుడికి, అంటే పాస్టర్‌కు, ఇన్‌కమ్ టాక్స్ దగ్గర ఉద్యోగి హోదా, సోషల్ సెక్యూరిటీ దగ్గర స్వయం ఉపాధి హోదా. సంఘం ఆయనకు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పట్టుకోకూడదు. ఆయనే 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ కట్టుకుంటారు. ఇన్‌కమ్ టాక్స్ కూడా ఆయన కోరితేనే పట్టుకుంటారు. అయినా జీతంగా ఇచ్చిన ప్రతి డాలరూ డబ్ల్యూ-2 మొదటి గడిలోకి రావాల్సిందే, హౌసింగ్ అలవెన్సు (జీతంలో ఇంటి ఖర్చుకని కేటాయించిన భాగం) తప్ప. చేతి చెక్కు పేరోల్ బయట పోతే ఏడాది చివర ఆ 2,000 ఎవరికీ గుర్తుండదు. ఆయన కోరిక మీద టాక్సు పట్టుకుంటున్నట్టయితే, ముందే ఇచ్చిన చెక్కులో అది తప్పిపోతుంది. ఆ లోటును ఆయనే ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబరు 15, జనవరి 15 గడువుల్లో కట్టుకోవాల్సి వస్తుంది. ఈ మాట చెక్కు ఇచ్చే ముందే చెప్పండి.

హౌసింగ్ అలవెన్సు దగ్గర మరో చిక్కు. నెల జీతం 4,000లో 1,500 హౌసింగ్ అని తీర్మానం ఉందనుకుందాం. ముందుగా ఇచ్చిన 2,000లో హౌసింగ్ ఎంత? కాగితం మీద లేకపోతే చెప్పలేరు, ఇచ్చాక వెనక తేదీతో రాయడమూ కుదరదు. హౌసింగ్ కేటాయింపు ఎప్పుడూ చెల్లింపుకు ముందే జరగాలి. చేబదులుగా ఇస్తే ఈ ప్రశ్నే రాదు: జీతం రోజున 4,000ను ఎప్పటిలా 2,500, 1,500గా విడగొట్టి, ఆ తర్వాత చేతికొచ్చేదాంట్లోంచి బాకీ తగ్గిస్తారు.

కానీ చేబదులు అనగానే వేరే తలుపు తెరుచుకుంటుంది. లాభాపేక్ష లేని సంస్థలు తమ డైరెక్టర్లకు, కొన్నిచోట్ల ఆఫీసర్లకు కూడా, అప్పులివ్వకూడదని చాలా రాష్ట్రాల చట్టాలు చెబుతాయి. టెక్సస్‌లో డైరెక్టరుకు అప్పివ్వడం నిషేధం. అందుకు ఓటేసిన డైరెక్టర్లు ఆ డబ్బు తిరిగి వచ్చేదాకా స్వయంగా బాధ్యులు. మీ పాస్టర్‌గారు బోర్డు సభ్యులు కాబట్టి మీ రాష్ట్ర చట్టం చూడకుండా చేబదులు దారి పట్టకండి. నిషేధం ఉంటే, ఆయన అప్పటిదాకా సంపాదించుకున్న జీతాన్ని మాత్రమే, జీతంగానే, పేరోల్ ద్వారా ముందుగా ఇవ్వండి.

మిగిలింది ఫెడరల్ పన్ను చట్టంలోని సెక్షన్ 4958. సంఘం మీద పలుకుబడి ఉన్న వ్యక్తికి, జీతమని ఎక్కడా రాయకుండా ఇచ్చి వసూలు చేయకుండా వదిలేసిన డబ్బును అనుచిత లాభంగా లెక్కిస్తారు. దాని మీద 25 శాతం పన్ను పాస్టర్‌గారికి. సరిదిద్దకపోతే 200 శాతం. తెలిసీ ఒప్పుకున్న బోర్డు సభ్యులకు 10 శాతం, ఒక్కో లావాదేవీకి గరిష్ఠంగా 20,000 డాలర్లు. రెండు వేల అడ్వాన్సుకు అంత దూరం వెళ్తుందా అంటే, జీతం రోజున వసూలైపోతే వెళ్ళదు. ఏడాదిగా తిరుగుతూ, ఎవరూ అడగడానికి మొహమాటపడుతున్న 2,000 అయితే వెళ్తుంది.

ఒప్పుకునే వాళ్ళు పాస్టర్‌గారి బంధువులు కాని ఇద్దరు సభ్యులై ఉండాలి. నిర్ణయం జరిగేటప్పుడు ఆయన గదిలో ఉండకూడదు, ఆ నిర్ణయం మినిట్స్‌లో (సమావేశపు నమోదులో) ఎక్కాలి. కోశాధికారి ఒక్కరే ఒప్పుకుంటే చాలదు, తనను నియమించిన మనిషికి కాదనడం ఎవరికైనా కష్టమే.

ప్రశ్న: ఇంత రాతకోతలు ఎందుకు, సహాయ నిధి నుంచి ఇచ్చేస్తే తిరిగి కట్టక్కర్లేదు, లేదా ఆదివారం ప్రేమ కానుక (ఆయన కోసం ప్రత్యేకంగా పట్టే చందా) పడితే సరిపోతుంది అని ఒక పెద్దాయన సూచన.

జవాబు: బయటి కుటుంబానికి సహాయ నిధి నుంచి ఇస్తే అది సహాయం. సంఘం తన ఉద్యోగికి ఇస్తే చాలావరకు జీతమే. యజమాని ఉద్యోగికి ఇచ్చేదాన్ని బహుమతిగా వదిలేయడానికి వీల్లేదని పన్ను చట్టంలోని సెక్షన్ 102(సి) అంటుంది. సంఘం పుస్తకాల గుండా నడిచిన ప్రేమ కానుకకూ అంతే. డబ్ల్యూ-2లో చూపించాలి, సాధారణ ఉద్యోగి అయితే టాక్సు కూడా పట్టుకోవాలి. విశ్వాసులు ఎవరికి వారు తమ జేబులోంచి నేరుగా ఆయన చేతికి ఇచ్చుకుంటే అది వేరు, అప్పుడు దాతకు రసీదు ఉండదు, పన్ను మినహాయింపూ ఉండదు.

భవన నిర్మాణ నిధి నుంచి "తాత్కాలికంగా" తీసి అడ్వాన్సు ఇవ్వడం అసలు వద్దు. ఆ పనికని ఇచ్చిన డబ్బు ఆ పనికే.

ప్రశ్న: పాలసీ రాసుకోవాలనుకుంటున్నాం. అందులో ఏమేం ఉండాలి? ఎన్నిసార్లు ఇవ్వవచ్చు?

జవాబు: మొదటి అభ్యర్థన రాకముందే రాసుకోండి. వచ్చాక రాస్తే ఆ మనిషిని చూసి రాసినట్టు అవుతుంది, తర్వాత ఇంకొకరికి కాదంటే పక్షపాతం అంటారు. ఒక పేజీ మించక్కర్లేదు.

పరిమితి: తర్వాతి జీతంలో చేతికి వచ్చేదాంట్లో సగం, లేదా అప్పటిదాకా సంపాదించుకున్న నెట్, ఏది తక్కువైతే అది. పై ఉదాహరణలో సగం 720, సంపాదన 785, కాబట్టి 720. సగం ఎందుకంటే, మొత్తం పట్టుకుంటే 15న చేతికి ఏమీ రాదు, 18న మళ్ళీ తలుపు కొడతారు. ఏడాదికి రెండుసార్లు. పాతది తీరకుండా కొత్తది లేదు. చేరి 90 రోజులు దాటినవాళ్ళకే. జీతం రోజుకు కనీసం మూడు పనిరోజుల ముందు అడగాలి. వసూలు ఒకే విడతలో, కుదరకపోతే గరిష్ఠంగా నాలుగు. ఈ నాలుగుకు కారణం ఉంది: వడ్డీ లేకుండా నాలుగు వాయిదాలు దాటకపోతే వినియోగదారుల అప్పులకు ఫెడరల్ చట్టం కోరే వెల్లడింపు కాగితాల బెడద మీ దాకా రాదు.

వడ్డీ, ఫీజు రెండూ వద్దు. జీతం నుంచి అసలు వసూలు చేసుకుంటే కనీస వేతనం కన్నా తగ్గినా ఫెడరల్ కార్మిక శాఖ అభ్యంతరం చెప్పదు, వడ్డీ గానీ ఫీజు గానీ అలా తగ్గిస్తే చెబుతుంది. న్యూయార్క్‌లో అయితే జీతం అడ్వాన్సు మీద వడ్డీ, ఫీజు నిషేధం, కోతకు ఒప్పుకుంటూ డబ్బు ఇవ్వకముందే సంతకం తీసుకోవాలి. టెక్సస్‌లోనూ రాతపూర్వక అంగీకారం లేకుండా కోయకూడదు. ఏ రాష్ట్రమైనా సంతకం లేని అడ్వాన్సు ఇవ్వకండి. కాగితం ఈ మాత్రం ఉంటే చాలు:

"నేను ఈ రోజు సంఘం నుంచి ___ డాలర్లు చేబదులుగా తీసుకున్నాను. దీన్ని ___ తేదీ జీతంతో మొదలుపెట్టి, విడతకు ___ డాలర్ల చొప్పున ___ విడతల్లో నా జీతం నుంచి తగ్గించుకోవడానికి ఒప్పుకుంటున్నాను. వడ్డీ, ఫీజు లేవు. ఈలోగా ఉద్యోగం మానితే, చట్టం అనుమతించినంత వరకు ఆఖరి జీతం నుంచి తగ్గించుకోవచ్చు. మిగిలిన బాకీ ___ రోజుల్లో కట్టేస్తాను." తేదీ, ఉద్యోగి సంతకం, ఒప్పుకున్న ఇద్దరి సంతకాలు. ఖాళీలు నింపాకే సంతకం. తెలుగులో రాసుకున్నా ఇంగ్లీషు ప్రతి మీద కూడా సంతకం పెట్టించండి, వివాదం వస్తే చూసేవాళ్ళు దాన్నే చదువుతారు.

పాలసీలో "సంపాదించుకున్న జీతం ఎవరైనా ఏ రోజైనా తీసుకోవచ్చు" అని మాత్రం రాయకండి. దయగా అనిపిస్తుంది కానీ, ఎప్పుడంటే అప్పుడు తీసుకునే హక్కు ఉంటే తీసుకోకపోయినా తీసుకున్నట్టే లెక్కించవచ్చన్నది టాక్సు సూత్రం. ఒకరు వాడుకోవడానికి అందరి టాక్సు తేదీలూ సందేహంలో పడతాయి. అనుమతి ఇవ్వడం, ఇవ్వకపోవడం బోర్డు విచక్షణ అని స్పష్టంగా ఉండాలి.

కారణం అడగాలా? పరిమితి లోపల ఉంటే అవసరం లేదు. అడిగితే ఆ కాగితం మీద ఆసుపత్రి వివరాలు, ఇంటి గొడవలు చేరతాయి, అది ఫైల్లో ఏళ్ళ తరబడి ఉంటుంది. బోర్డు నివేదికలో "ఉద్యోగుల అడ్వాన్సులు: 600" అని మొత్తం ఒక్కటే చూపించండి. పేరు వద్దు. ప్రార్థన విన్నపాల జాబితాలోకి ఎక్కించడం అసలు వద్దు, ఎంత మంచి మనసుతో చేసినా.

ప్రశ్న: డిసెంబరు 31న ఇవ్వాల్సిన జీతం క్రిస్మస్‌కు ముందే అందరికీ ఇద్దామనుకుంటున్నాం. జనవరి 15 జీతం కూడా కలిపి ఇవ్వమని ఇద్దరు అడుగుతున్నారు.

జవాబు: మొదటిది నిశ్చింతగా ఇవ్వండి, అందరికీ ఒకే రోజు. అదే సంవత్సరం, అదే త్రైమాసికం. టాక్సును నెలకోసారి కట్టే సంఘమైతే జనవరి 15 గడువు కూడా మారదు. వారానికి రెండు గడువుల పద్ధతిలో ఉంటే మాత్రం తేదీ మారుతుంది: బుధవారం నుంచి శుక్రవారం లోపు ఇచ్చిన జీతం టాక్సు వచ్చే బుధవారానికి, శనివారం నుంచి మంగళవారం లోపు ఇచ్చినదానిది వచ్చే శుక్రవారానికి కట్టాలి. పండుగ వారంలో ఈ గడువే ఎక్కువగా జారిపోతుంది. 1 నుంచి 5 రోజుల ఆలస్యానికి 2 శాతం జరిమానా, 6 నుంచి 15 రోజులకు 5, ఆపైన 10.

రెండోది వద్దు. జీతం ఏ సంవత్సరానిదన్నది పని చేసిన తేదీని బట్టి కాదు, ఇచ్చిన తేదీని బట్టి. జనవరి జీతం డిసెంబరులో ఇస్తే ఈ ఏడాది డబ్ల్యూ-2లో పడుతుంది. ఆదాయాన్ని చూసి ఇచ్చే క్రెడిట్లు, హెల్త్ ఇన్సూరెన్సు సబ్సిడీ ఉన్న కుటుంబానికి అది దెబ్బ. పాస్టర్‌గారి విషయంలో ఆ జీతంలోని హౌసింగ్ భాగం ఈ ఏడాది తీర్మానంలోనే ఇమడాలి, ఈ ఏడాది ఇంటి ఖర్చుకే సరిపడాలి. జనవరికి చేసిన కొత్త తీర్మానం దానికి పనికిరాదు. అంతగా అవసరమైతే పాలసీ పరిమితిలో చేబదులు ఇవ్వండి.

జూన్ 30 దగ్గరా కొంచెం చూసుకోండి. జూలై 3 జీతాన్ని జూన్ 30న ఇస్తే అది రెండో త్రైమాసికపు 941లోకి వెళ్తుంది, నెలవారీ గడువు ఆగస్టు 15 నుంచి జూలై 15కు ముందుకు జరుగుతుంది.

ప్రశ్న: 900 అడ్వాన్సు తీసుకున్న ఉద్యోగి 300 కట్టాక మానేశారు. ఆఖరి చెక్కులో 600 పట్టుకోవచ్చా?

జవాబు: రాష్ట్రాన్ని బట్టి. కాలిఫోర్నియాలో వాయిదాల ప్రకారం రావలసింది తప్ప మిగిలిన మొత్తాన్ని ఆఖరి జీతంలో ఒక్కసారిగా కోసేయకూడదు, ముందే సంతకం ఉన్నా సరే. 1981లో అక్కడి కోర్టు తీర్పు తర్వాత కార్మిక శాఖ పట్టుకున్న వైఖరి ఇది. పైగా తొలగించిన ఉద్యోగికి అదే రోజు, ముందు చెప్పకుండా మానేసినవాళ్ళకు 72 గంటల్లో ఆఖరి జీతం ఇవ్వాలి. అడ్వాన్సు తేలేదాకా చెక్కు ఆపితే రోజుకో జీతం చొప్పున జరిమానా పెరుగుతుంది. టెక్సస్‌లో స్పష్టమైన సంతకం ఉంటే కోయవచ్చు. అక్కడ తొలగిస్తే 6 రోజుల్లో, తనంతట మానితే తర్వాతి మామూలు జీతం రోజున ఇవ్వాలి.

కోయలేని చోట పూర్తి చెక్కు ఇచ్చి, ఉత్తరం రాసి వసూలు చేసుకోవాలి. వదిలేయాలని బోర్డు నిర్ణయిస్తే వదిలేసిన 600 ఆ రోజున జీతమవుతుంది, డబ్ల్యూ-2లో కలపాలి. నిర్ణయం మినిట్స్‌లో ఉండాలి, ఖాతాలో ఊరికే "రద్దు" అని కొట్టేస్తే ఆడిటరు అడిగే మొదటి ప్రశ్న అదే.

ప్రశ్న: జీతం మీద పనిచేసే, ఓవర్‌టైమ్ లేని ఉద్యోగి జీతంలో కోత పెడితే ఆ హోదా పోతుందని విన్నాం.

జవాబు: పని తక్కువ చేశారని కోస్తే పోతుంది. తీసుకున్న అడ్వాన్సు వసూలు చేసుకుంటే పోదు. అసలు చూసుకోవాల్సింది వేరు: నెలజీతం అన్నంత మాత్రాన ఓవర్‌టైమ్ లేనట్టు కాదు. వారానికి కనీసం 684 డాలర్లు ఉండాలి, చేసే పని కూడా ఆ కోవకు చెందాలి. కొన్ని రాష్ట్రాల్లో కనీసం ఇంకా ఎక్కువ. పాస్టర్ల లాంటి సేవకులకు ఈ జీతపు పరిమితి వర్తించదు, ఫోన్లు, బులెటిన్లు చూసే ఆఫీసు సహాయకులకు వర్తిస్తుంది.

ప్రశ్న: కోర్టు ఉత్తర్వు మీద జీతం జప్తు అవుతున్న ఉద్యోగికి అడ్వాన్సు ఇస్తే ఏది ముందు?

జవాబు: జప్తే ముందు. మామూలు అప్పుల జప్తుకు ఫెడరల్ పరిమితి టాక్సులు పోగా మిగిలినదాంట్లో 25 శాతం, పిల్లల పోషణ ఉత్తర్వులకు అంతకన్నా ఎక్కువ. ఆ "మిగిలింది" లెక్కించేటప్పుడు మీ అడ్వాన్సు కోతను తీసేయకూడదు, ఎందుకంటే అది చట్టం కోసం చేసిన కోత కాదు, ఉద్యోగి ఒప్పుకున్నది. టాక్సులు పోగా 1,440 ఉంటే జప్తు 360 దాకా వెళ్ళవచ్చు. అది తీశాక 1,080, అందులోంచి మీ వాయిదా. ఇలాంటి ఉద్యోగికి అడ్వాన్సు పరిమితిని జప్తు తర్వాతి నెట్ మీద లెక్కేసి ఇవ్వండి: సగం అంటే 720 కాదు, 540.